పేరు తెలియని మొక్కను నిపుణుల సహాయంతో గుర్తించడం ఎలా? బెంగళూరు వాసులకు కొన్ని సూచనలు

బెంగళూరులో ఇల్లు కట్టకుండా వదిలేసిన ఏ ఖాళీ సైటు ముందైనా సెప్టెంబరు నెలలో పది నిమిషాలు నిలబడి చూడండి. ఉత్తరేణి, తుమ్మి, గడ్డిచామంతి, నేల ఉసిరి, వయ్యారిభామ వంటి వాటిని కడప నుంచి వచ్చినవారైనా కాకినాడ నుంచి వచ్చినవారైనా చూడగానే పోల్చుకుంటారు. వాటి పక్కనే, ఎన్నడూ చూడని ఆకుతో, ఎన్నడూ చూడని పువ్వుతో మరికొన్ని మొక్కలు కనిపిస్తాయి. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. నైరుతి వానలు వెనుదిరిగిన తరువాత ఈశాన్య వానలు కూడా కొంత అందుతాయి. పైగా హైదర్ అలీ 1760లో లాల్‌బాగ్‌కు పునాది వేసిన నాటి నుంచి పరాయి దేశాల మొక్కలు ఇక్కడికి వస్తూనే ఉన్నాయి. అందువల్ల ఇక్కడ గోడవారన మొలిచిన మొక్క అడవిదో, ఎవరి తోట నుంచో బయటపడినదో, మరో ఖండం నుంచి ధాన్యంలో కలిసి వచ్చినదో చూడగానే చెప్పడం చదువుకున్నవారికి కూడా కష్టమే.

ఇటువంటి మొక్క పేరు తెలియాలంటే తెలిసినవారిని అడగాలి. అడగడం సులభమే కానీ, వారు సమాధానం చెప్పగలిగే విధంగా అడగడానికి కొంత సాధన కావాలి. ఒక పువ్వును దగ్గరగా ఫొటో తీసి, ‘ఇదేమిటండీ?’ అని పంపితే ఎంతటి వృక్షశాస్త్రవేత్త అయినా ‘పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది కావచ్చు’ అనడం తప్ప చేయగలిగింది లేదు. నేను మొదటి ఏడాది అంతా అటువంటి సమాధానాలే పొందాను. తప్పు వారిది కాదని తెలుసుకోవడానికి కొంత కాలం పట్టింది.

పేరు సరిగ్గా తెలియడం ఎంత అవసరమో మా అమ్మ మదనపల్లె నుంచి వచ్చినప్పుడు తెలిసింది. మా ఇంటికి దగ్గరలోని చెరువు కట్ట మీద ఉదయపు నడకకు వెళ్లి, నీటి అంచున దట్టంగా అల్లుకున్న ఆకు చూసి, పొన్నగంటి కూర ఉచితంగా దొరికిందని సంబరపడి చీర కొంగు నిండా కోసుకొచ్చింది. ఆకు అచ్చం అలాగే ఉంది. తెల్లని చిన్న పూబంతులూ అలాగే ఉన్నాయి. అయితే పొన్నగంటిలో ఆ పూబంతులు కాడ లేకుండా ఆకు మొదట్లో కణుపుకు అంటుకుని ఉంటాయి. అమ్మ తెచ్చిన ఆకులో ప్రతి పూబంతికీ రెండు మూడు సెంటీమీటర్ల పొడవైన కాడ ఉంది, ముదిరిన కాండం విరిస్తే లోపల బోలుగా ఉంది. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చెరువులను ఆక్రమించిన ఆల్టర్నాంథెరా ఫిలోక్సెరాయిడెస్ అని, మురుగు చేరే నీటిలోని భారలోహాలను అది తనలోకి పీల్చుకుంటుందని, వండవద్దని ఒక కళాశాల వృక్షశాస్త్ర అధ్యాపకురాలు చెప్పారు. పొన్నగంటి కూడా అదే ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, చెందిన ఆల్టర్నాంథెరా సెస్సైలిస్. ‘సెస్సైలిస్’ అన్న లాటిన్ మాటకు కాడ లేనిది అనే అర్థం. పేరులోనే తేడా ఉంది, చూసే కన్ను మాకు లేదు.

ముందుగా పాటించవలసిన జాగ్రత్తలు

పేరు తెలియని మొక్కను నోట పెట్టకండి. రుచి చూసి గుర్తించడం పెద్దలకు అలవాటైన పద్ధతే కావచ్చు, కానీ వారు చిన్ననాటి నుంచి చూసిన మొక్కల విషయంలోనే అది చెల్లుతుంది. మన చుట్టూ ఉన్న అందమైన మొక్కల్లో విషపూరితమైనవి తక్కువేమీ కాదు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజ, అడవినాభి దుంప, అడవి ఆముదం గింజలు అన్నీ ప్రాణం మీదికి తెచ్చేవే. పిల్లలు ఏదైనా కాయో గింజో తిన్నారని అనుమానం వస్తే పేరు కనుక్కునే పనిలో కాలం వృథా చేయకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి. ఆ మొక్క కొమ్మను, వీలైతే కాయతో సహా, ఒక కవరులో వేసి వెంట తీసుకువెళ్లండి.

ముట్టుకునేటప్పుడు కూడా కొంత ఆలోచించాలి. వయ్యారిభామ చాలామందికి చర్మంపై దద్దుర్లు తెప్పిస్తుంది. దూలగొండి కాయల మీది నూగు, దురదగొండి ఆకుల మీది నూగు తగిలితే ఏమవుతుందో వాటి పేర్లే చెబుతున్నాయి. పాలు కారే కొమ్మను విరిచిన చేత్తో కన్ను నలుపుకోకండి.

ఇక కోయడం గురించి. బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానంలో గానీ, ఏ రక్షిత అటవీ ప్రాంతంలో గానీ అనుమతి లేకుండా మొక్కను పీకడం, కొమ్మ కోయడం చట్టవిరుద్ధం. లాల్‌బాగ్‌లో, కబ్బన్ పార్కులో పువ్వు తెంపినా కాపలాదారు ఈల వేస్తాడు. కొన్ని మొక్కలకు ఎక్కడ ఉన్నా రక్షణ ఉంటుంది. మన శేషాచలం కొండల్లో పెరిగే పేరీత, అంటే సైకస్ బెడ్డోమై, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పేరు చెప్పి రక్షించిన అతి కొద్ది మొక్కల్లో ఒకటి. కాబట్టి ఫొటోతో సరిపెట్టుకోవడమే మొదటి పద్ధతి అనుకోండి. నమూనా కోయడం అన్నది నిపుణుడు అడిగినప్పుడు, ఆ స్థలంలో అది న్యాయమైనప్పుడు మాత్రమే చేయవలసిన పని.

నాటినదా, తనంత తాను మొలిచినదా?

ఫోన్ తీయడానికి ముందు ఈ ప్రశ్న వేసుకోండి. నిపుణుడు మిమ్మల్ని మొదట అడిగేదీ ఇదే. ప్రాంతీయ వృక్షజాతులను వర్ణించే గ్రంథాలు ప్రధానంగా సహజంగా పెరిగే మొక్కలనే చెబుతాయి. రోడ్డు పక్క వరుసగా నాటిన చెట్టును వాటిలో వెతికితే నెల రోజులైనా దొరకదు. జి.హెచ్. క్రుంబీగెల్ అనే జర్మన్ ఉద్యాన నిపుణుడు 1908లో బెంగళూరుకు వచ్చాక, ఏడాది పొడవునా ఏదో ఒక వీధిలో ఏదో ఒక చెట్టు పూతలో ఉండేలా దేశదేశాల చెట్లను ఈ నగరంలో నాటించారు. నీలి పూల జకరాండా, గులాబీ రంగు టబెబుయా అన్నీ అలా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఇటువంటి వాటికి ఉద్యాన శాఖవారో, నర్సరీ నడిపేవారో వృక్షశాస్త్ర ఆచార్యుల కంటే త్వరగా పేరు చెబుతారు.

వరుసలో ఉన్నదా, చుట్టూ పాదు చేసి ఉన్నదా, అదే మొక్క దగ్గరలో చెల్లాచెదురుగా మరో నాలుగు చోట్ల మొలిచి ఉన్నదా చూడండి. నాటిన మొక్క తోట దాటి అడవి మొక్కలా వ్యాపించడం కూడా ఉంది. లాంటానాను, మన వాళ్లలో కొందరు తలంబ్రాల చెట్టు అనే దానిని, ఒకప్పుడు అందం కోసమే తెచ్చారు. ఈనాడు సావనదుర్గ దారిలో దాన్ని తప్పించుకుని నడవడమే కష్టం.

మొక్కను చదవడం

ఈ వ్యాసంలో దేన్ని వదిలేసినా ఈ భాగాన్ని వదలకండి. మనందరి కన్నూ మొదట పువ్వు రంగు మీదికే పోతుంది. వర్గీకరణలో రంగుకు ఉన్న విలువ చాలా తక్కువ. ఒకే జాతిలో తెలుపూ ఊదా రెండూ ఉండవచ్చు, ఉదయం ఒక రంగు సాయంత్రం మరో రంగు కావచ్చు. నిపుణుడి కన్ను పోయేది కణుపు మీదికి.

కణుపు దగ్గర ఆకులు ఎలా పుట్టాయో చూడండి. కణుపుకు ఒక ఆకు చొప్పున అటొకటి ఇటొకటి వస్తే ఏకాంతరం, ఎదురెదురుగా రెండు వస్తే అభిముఖం, మూడు అంతకు మించి చుట్టూ వస్తే చక్రీయం అంటారు. ఈ ఒక్క విషయంతోనే సగం కుటుంబాలు పక్కకు తప్పుకుంటాయి. ఆకు తొడిమ మొదట్లో రెండు చిన్న రెక్కల వంటివి, అంటే పత్రపుచ్ఛాలు, ఉన్నాయో లేదో కూడా చూడండి. అవి త్వరగా రాలిపోతాయి కాబట్టి లేత కొమ్మ చివరన వెతకాలి.

తరువాత ఆకు ఒకటా, అనేక చిరు ఆకులు కలిసిన సంయుక్త పత్రమా అన్నది. వేప రెబ్బలో మనం ఆకులు అనుకునేవి నిజానికి ఒకే ఆకులోని భాగాలు. దీన్ని తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. నిజమైన ఆకు తొడిమ కాండాన్ని తాకే మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. చిరు ఆకుల మొదట్లో ఆ మొగ్గ ఉండదు. ఇంట్లో కరివేపాకు కుండీ దగ్గర నిలబడి రెండుసార్లు చూస్తే ఈ తేడా జీవితాంతం మరచిపోరు.

కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూడండి. నాలుగు పలకలుగా ఉండి, ఆకులు అభిముఖంగా ఉండి, పువ్వు రెండు పెదవులుగా చీలి ఉంటే అది తులసి, తుమ్మి ఉన్న కుటుంబం కావచ్చు. మూడు పలకలుగా తగిలితే అది గడ్డి కాదు, తుంగ జాతి. రాలిన ఆకో, దారిలో విరిగిన కొమ్మో దొరికితే దాన్ని చిదిమి వాసన చూడండి, పాలు కారుతున్నాయా గమనించండి. వాసనా పాలూ ఫొటోలో కనిపించవు. మీరు రాస్తే తప్ప నిపుణుడికి తెలియవు.

పువ్వు దగ్గరికి వచ్చేసరికి, అది ఒక పువ్వేనా అన్న అనుమానంతో మొదలుపెట్టాలి. గడ్డిచామంతిని తీసుకోండి. పొడవైన కాడ చివర పసుపు బొడ్డు, చుట్టూ నాలుగైదు లేత రేకులు ఉన్న ఒక పువ్వులా కనిపిస్తుంది. పదింతలు పెద్దదిగా చూపే చేతి భూతద్దంతో చూస్తే ఆ బొడ్డు పదుల కొద్దీ చిన్న పువ్వుల గుంపు అని, అంచున ఉన్న ఒక్కో రేకూ ఒక్కో పువ్వు అని, ఆ రేకు కొన మూడు పళ్లుగా చీలి ఉందని తెలుస్తుంది. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, వయ్యారిభామ అన్నీ ఇదే అమరికలో ఉంటాయి. ఈ కుటుంబపు మొక్కను గుర్తించడానికి పూగుత్తి వెనుక వైపున ఉండే పచ్చని పొలుసుల అమరిక చాలా ముఖ్యం. మనం ఫొటో తీయనిది ఎప్పుడూ ఆ వెనుక వైపే.

విడి పువ్వు అయితే ఆకర్షణ పత్రాలు ఎన్ని, విడివిడిగా ఉన్నాయా గొట్టంలా కలిసిపోయాయా, కేసరాలు ఎన్ని అన్నవి లెక్కపెట్టండి. కేసరాలన్నీ ఒక గొట్టంగా కలిసి కీలాన్ని చుట్టుకుని ఉంటే మందార కుటుంబం. సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు ఒక పెద్ద రేకు వెనుక, రెండు పక్కలకు, రెండు ముందు కలిసి పడవలా ఉంటే చిక్కుడు కుటుంబం. ఈ మాటలన్నీ తెలియకపోయినా నష్టం లేదు. చూసింది చూసినట్లు మామూలు తెలుగులో రాసినా పనికి వస్తుంది.

కాయ దొరికితే అదృష్టమే. పువ్వుతో తేలని విషయం కాయతో తేలడం ఈ రంగంలో అతి సాధారణం. గలిజేరు పేరుతో తిరిగే రెండు మొక్కలనే చూడండి. నేల మీద పరుచుకునే తీరులో రెండూ ఒకటే. ఒకదానిలో గులాబీ రంగు సూక్ష్మమైన పువ్వులు సన్నని కొమ్మల చివర చిన్న గుత్తులుగా వస్తాయి, కాయ జిగటగా ఉండి బట్టలకు అంటుకుంటుంది. అది అటికమామిడి, బోయెర్హావియా. రెండోదానిలో ఆకు దళసరిగా ఉంటుంది, పువ్వు ఆకు మొదట్లో దాగినట్లు ఒంటరిగా ఉంటుంది, అది ట్రైయాంథెమా. ఆయుర్వేద ముడిసరుకులో ఒకదాని బదులు మరొకటి రావడం చాలాకాలంగా ఉన్న సమస్యే.

ఎనిమిది ఫొటోలు

ఒక మొక్కకు ఒక ఫొటో కాదు, కనీసం ఎనిమిది కావాలి. పరిసరాలతో సహా మొత్తం మొక్క, కణుపు దగ్గర ఆకులు కాండానికి అతుక్కున్న చోటు, ఆకు పైభాగం, ఆకు అడుగుభాగం, పువ్వు ముందు నుంచి, పక్క నుంచి, వెనుక నుంచి, చివరగా కాయ. చెట్టు అయితే బెరడు కూడా. పరిమాణం తెలియడానికి పక్కన పది రూపాయల నాణెం పెట్టండి. దాని వ్యాసం 27 మి.మీ. అని అందరికీ తెలుసు కాబట్టి కొలత మీద వాదన ఉండదు. గాలికి కదిలే పువ్వును రెండో చేత్తో పట్టుకోండి. వెనుకనున్న గోడపై కాకుండా పువ్వుపైనే ఫోన్ దృష్టి నిలపడానికి పువ్వు వెనుక అరచెయ్యి పెడితే చాలు. మండుటెండలో తీస్తే తెల్లని పువ్వు వివరాలు చెరిగిపోతాయి. మీ నీడ మొక్క మీద పడేలా నిలబడి తీయండి. నీలి, ఊదా రంగులు ఫోన్ కెమెరాలో తరచు మారిపోతాయి గనుక కంటికి కనిపించిన రంగును విడిగా రాసుకోండి. ఒకే మొక్క ఫొటోలలో పక్క మొక్క ఆకు కలవకుండా చూడడం అన్నింటికంటే ముఖ్యం. పక్కనున్న తీగ ఆకును, ఈ మొక్క పువ్వును కలిపి పంపి ఒక పెద్దాయనను రెండు రోజులు తిప్పలు పెట్టిన ఘనత నాకు ఉంది.

రాసుకోవలసినవి

తేదీ, స్థలం, పరిసరం. ‘బెంగళూరు’ అని రాస్తే స్థలం రాసినట్లు కాదు. హెసరఘట్ట గడ్డిమైదానమా, తురహళ్లి అడవిలో రాతి గుట్టా, రాజకాలువె గట్టా, అపార్ట్‌మెంట్ వెనుక ఇసుక కుప్పా అన్నది రాయాలి. రాతి గుట్టల మీద వానాకాలంలో నీరు ఊరే చోట్ల పెరిగే మొక్కలకూ, వాటికి వంద అడుగుల దూరంలో ఎర్రమట్టిలో పెరిగే మొక్కలకూ సంబంధమే ఉండదు. ఎత్తు, నేల రకం, నీడా ఎండా, ఒంటరిగా ఉన్నదా గుంపుగా ఉన్నదా, ఏ పురుగులు వాలుతున్నాయి అన్నవి రాస్తే మరీ మంచిది.

స్థానికులు పిలిచే పేరును తప్పక అడిగి రాసుకోండి. బెంగళూరుకు ఉత్తరాన, తూర్పున, అంటే దేవనహళ్లి, చిక్కబళ్లాపుర, కోలారు వైపు పల్లెల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. గొర్రెలు తోలుకువచ్చిన ముసలాయన మీతో కన్నడంలో మొదలుపెట్టి, మీ యాస విని తెలుగులోకి దిగుతాడు. ఆయన చెప్పే పేర్లు మన నిఘంటువుల్లో లేనివి కూడా కావచ్చు. కన్నడ పేర్లలో చాలా మనకు చుట్టాలే. తుమ్మి అక్కడ తుంబె, ఉత్తరేణి ఉత్తరాణి, పొన్నగంటి హొనగొన్నె, నేల ఉసిరి నెలనెల్లి. కొన్ని మాత్రం వేరుగా ఉంటాయి. జిల్లేడు ఎక్క అవుతుంది. కానుగ హొంగె అవుతుంది. మనం అత్తిపత్తి అనే దాన్ని వారు ముట్టిదరె ముని, ముట్టుకుంటే అలిగేది, అంటారు. ఆ పేరు ముందు మన పేరు చిన్నబోతుందని ఒప్పుకోక తప్పదు.

అయితే వాడుక పేరును సాక్ష్యంగా మాత్రమే తీసుకోవాలి, తీర్పుగా కాదు. వినాయక చవితి నాటి 21 పత్రుల్లో విష్ణుక్రాంతం ఉంది. నేల మీద పాకుతూ చిటికెన వేలి గోరంత నీలి పువ్వు పూసే ఎవాల్వులస్‌ను కొందరు విష్ణుక్రాంతం అంటారు, పందిరికి పాకే తీగ శంఖుపుష్పాన్ని ఇంకొందరు అదే పేరుతో పిలుస్తారు. పూజకు రెండూ చెల్లవచ్చు, మందుకు చెల్లవు. కె.ఆర్. మార్కెట్‌లో పండుగ ముందు రోజు పత్రి కట్ట కొని, ఇంటికి తెచ్చి విప్పి, అందులో నిజంగా ఎన్ని రకాలు ఉన్నాయో గుర్తించడానికి ప్రయత్నించండి. ఈ విద్యకు అంతకంటే చవకైన పరీక్ష లేదు.

ఫోన్ యాప్ చెప్పింది నమ్మవచ్చా?

గూగుల్ లెన్స్, ఐనాచురలిస్ట్, ప్లాంట్‌నెట్ వంటివి వాడండి. సాధారణమైన కలుపు మొక్కలకూ, తోట పువ్వులకూ అవి చాలాసార్లు సరైన పేరే చెబుతాయి. గడ్డి, తుంగ, పువ్వు లేని మొక్కల విషయంలో మాత్రం వాటి మాటకు నేను విలువ ఇవ్వను. యాప్ జాతి పేరు తప్పుగా చెప్పినా ప్రజాతినో కుటుంబాన్నో సరిగ్గా పట్టుకోవడం తరచు జరుగుతుంది. మీకు కావలసిన సహాయం అంతవరకే. నిపుణుడిని అడిగేటప్పుడు ‘యాప్ ఫలానా అన్నది, కానీ ఆకులు ఏకాంతరంగా ఉన్నాయి కనుక నాకు అనుమానంగా ఉంది’ అని రాస్తే, మీరు చూసి అడుగుతున్నారని ఆయనకు అర్థమవుతుంది. పది ఉత్తరాల్లో ముందుగా జవాబు వచ్చేది అటువంటి దానికే.

ఎవరిని అడగాలి?

ఈ విషయంలో బెంగళూరు వాసులు అదృష్టవంతులు. భారతీయ విజ్ఞాన సంస్థలోని పర్యావరణ శాస్త్రాల కేంద్రంలో ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే హెర్బేరియం ఉంది. కర్ణాటక వృక్షజాతులపై జరిగిన పనికి అది ఒక ముఖ్యమైన ఆధారం. యలహంక దగ్గర ఉన్న ట్రాన్స్‌డిసిప్లినరీ విశ్వవిద్యాలయంలో ఔషధ మొక్కలకు ప్రత్యేకమైన హెర్బేరియం ఉంది; వైద్యానికి వాడే మొక్కపై అనుమానం ఉంటే అక్కడ అడగడం మంచిది. పొలంలో మొలిచిన కలుపు అయితే జి.కె.వి.కె. ప్రాంగణంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం సరైన చోటు. దక్షిణ భారత మొక్కల నమూనాలు పెద్ద ఎత్తున ఉన్న మద్రాసు హెర్బేరియం ఇప్పుడు కోయంబత్తూరులో, 1890లో ఏర్పడిన బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి దక్షిణ ప్రాంతీయ కేంద్రంలో ఉంది. రాయలసీమలోని మీ సొంతూరి మొక్క గురించి అయితే హైదరాబాదులో ఉన్న దక్కన్ ప్రాంతీయ కేంద్రాన్ని సంప్రదించవచ్చు.

అయినా నేరుగా పెద్ద సంస్థకు వెళ్లాలని లేదు. దగ్గరలోని డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకులను ముందు అడగండి. లాల్‌బాగ్, కబ్బన్ పార్కుల్లో వారాంతాల్లో చెట్లను చూపిస్తూ నడిపించే ఔత్సాహికులు ఉంటారు. వారిలో కొందరి జ్ఞానం పట్టా ఉన్నవారిని మించి ఉంటుంది. గడ్డి మీద పని చేసేవారు వేరు, ఆర్కిడ్‌ల మీద పని చేసేవారు వేరు అన్న సంగతి గుర్తుంచుకోండి. ‘ఇది నా రంగం కాదు’ అని చెప్పిన నిపుణుడు మీకు మేలే చేశారు. ఎవరి రంగమో అడిగి అక్కడికి వెళ్లండి.

అడిగే తీరు

ఒక ఉత్తరంలో ఒకే మొక్క గురించి అడగండి. నలభై ఫొటోలు, పన్నెండు మొక్కలు కలిపి పంపితే ఎవరూ తెరవరు. ఉత్తరం ఈ విధంగా ఉంటే చాలు:

‘నమస్కారమండీ. ఈ మొక్కను సెప్టెంబరు రెండవ వారంలో, హెసరఘట్ట గడ్డిమైదానంలో, ఎండ తగిలే ఎర్రనేలలో చూశాను. మోకాలి ఎత్తు ఉంది, కాండం గుండ్రంగా ఉంది, పాలు లేవు. ఆకులు ఏకాంతరంగా, విడి ఆకులుగా ఉన్నాయి. అడుగున మెత్తని నూగు ఉంది. పువ్వు పసుపు, చిక్కుడు పువ్వు ఆకారం, సుమారు 1 సెం.మీ. కాయలు ఇంకా రాలేదు. నాకు జనుము ప్రజాతి అనిపించింది, జాతి తెలియలేదు. ఎనిమిది ఫొటోలు జతచేశాను. ఇంకేదైనా భాగం చూడవలసి ఉంటే చెప్పగలరు, మళ్లీ వెళ్లగలను.’

చివరి వాక్యం లాంఛనం కాదు. మళ్లీ వెళ్లే ఉద్దేశం మీకు ఉందని తెలిస్తే ఆయన కూడా శ్రద్ధ పెడతారు. ఫొటోలను కుదించకుండా అసలు పరిమాణంలో పంపండి. వాట్సాప్‌లో పంపవలసి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. వారం రోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి వినయంగా గుర్తు చేయండి. రెండోసారి గుర్తు చేయకండి. ఇది వారు జీతం తీసుకుని చేసే పని కాదు.

నమూనా కావాలని అడిగితే

అనుమతి ఉన్న చోట, గుంపుగా ఉన్న మొక్కల నుంచి మాత్రమే, పువ్వు, కాయ, ఆకులు కలిసి ఉన్న ఒక కొమ్మను కోయండి. చిన్న మొక్కే అయితే వేరుతో సహా కావలసి ఉంటుంది. మడత పెట్టిన దినపత్రిక మధ్య ఆకులు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. ఒక్క ఆకునైనా అడుగుభాగం పైకి వచ్చేలా తిప్పి పెట్టడం మరవకండి. పైన పాత పుస్తకాల బరువు పెట్టి, మొదటి వారం రోజూ కాగితం మార్చండి. వానాకాలపు బెంగళూరులో ఈ పని ఒక్క రోజు బద్ధకించినా బూజు పడుతుంది. ఎండిన నమూనాతో పాటు మీ నోటు పుస్తకంలోని వివరాలన్నీ ఒక చీటీపై రాసి అదే కాగితంలో ఉంచండి. చీటీ లేని నమూనా ఎంత అందంగా ఎండినా చెత్తతో సమానం. హెర్బేరియం వారు తీసుకుంటామంటే ఒక ప్రతిని అక్కడే ఇచ్చేయండి.

జవాబు వచ్చిన తరువాత

‘ఏ లక్షణం చూసి చెప్పారు?’ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న వల్ల తరువాతి మొక్క విషయంలో మీకు సగం శ్రమ తగ్గుతుంది. ఆ లక్షణం మీ ఫొటోల్లో ఉన్నదో లేదో మీరే సరిచూసుకోండి. లేకపోతే చెప్పండి, మంచి నిపుణులు నొచ్చుకోరు. ఇద్దరు వేరు వేరు పేర్లు చెప్పినప్పుడు కంగారు పడకుండా, రెండూ ఒకే మొక్కకు పాత కొత్త పేర్లేమో చూడండి. మన తంగేడు ఒకప్పుడు కాసియా ఆరిక్యులేటా, ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా. నల్లతుమ్మ అకేసియా నుంచి వాచెల్లియాకు మారింది. లండన్‌లోని క్యూ ఉద్యానం వారు నడిపే ప్రపంచ మొక్కల జాబితాలో పాత పేరు కొడితే ప్రస్తుతం ఆమోదించిన పేరు కనిపిస్తుంది.

ఆ పేరు గల మొక్క దక్కన్ పీఠభూమిలో పెరుగుతుందా అన్నది కూడా చూడండి. హిమాలయాల్లో మాత్రమే పెరిగే జాతి మీ ఇంటి వెనుక కనిపించడం కంటే గుర్తింపు తప్పు కావడానికే అవకాశం ఎక్కువ. మందుగానో కూరగానో వాడే ఉద్దేశం ఉంటే ఫొటో చూసి చెప్పిన పేరు మీద ఆధారపడకండి. మొక్కను చేత్తో పట్టుకుని చూసినవారి మాట కావాలి.

ప్రజాతి పేరు మాత్రమే చెప్పి ఆపేస్తే దాన్ని వైఫల్యంగా తీసుకోకండి. పైన ఉత్తరంలో రాసిన పసుపు పువ్వు నేను నిజంగా పంపినదే. ‘క్రోటలేరియా, అంతవరకే చెప్పగలను, కాయ కావాలి’ అని జవాబు వచ్చింది. మన జనుము, గిలిగిచ్చ ఉన్న ప్రజాతి అది. అందులో కాయకు నూగు ఉన్నదా నున్నగా ఉన్నదా, రక్షక పత్రాల కంటే, అంటే పువ్వు అడుగున ఉండే పచ్చని రేకుల కంటే, కాయ పొడవా పొట్టా అన్న వాటితోనే చాలా జాతులు తేలుతాయి. డిసెంబరు ఆదివారం ఒకటి మళ్లీ అక్కడికి వెళ్లాను. గడ్డి ఎండి పసుపు తిరిగింది, పువ్వులు లేవు, మొక్కను పోల్చుకోవడమే కష్టమైంది. నడుస్తుంటే ప్యాంటుకు తగిలి గలగలమన్న చప్పుడుకు వంగి చూస్తే అదే మొక్క. ఎండిన కాయల్లో గింజలు ఊడి మోగుతున్నాయి. నాణెం పక్కన పెట్టి ఫొటోలు తీసి, కాయ నున్నగా ఉందని, రక్షక పత్రాలను దాటి పొడుచుకు వచ్చిందని రాసి, పాత ఉత్తరానికే జతచేసి పంపాను.